మేనమామ ముక్కు

సిరిసిల్ల
3 జూలై 2022

రాజేశం,

ఈ కాగితం తెచ్చి నీ చేతికి ఇచ్చేది మా సౌమ్య. మీ అక్క వసంత కూడా కోరుట్ల దాకా వస్తానంది గానీ, ఈ రోజు బీడీలు అప్పజెప్పే రోజు. ఆగిపోయింది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని నవ్వకు. ముప్పై ఏళ్లు సాంచాల నడుమ నిలబడ్డవాడికి ఫోను చెవిలో పెట్టుకున్నా మరమగ్గం మోతే వినిపిస్తుంది. నీ గొంతు అందులో ఎక్కడో ఉంటుంది, నాకు దొరకదు. వాట్సప్ మీ అక్క చేతిలో ఉంది. తనకు నచ్చింది చెబుతుంది, నచ్చనిది మింగుతుంది. అందుకని నువ్వూ రాయి. బస్సు కార్గోలో వేస్తే మర్నాటికి అందుతుంది.

సౌమ్య కానిస్టేబుల్ పరీక్షకు కట్టింది. రాత పరీక్ష అది గట్టెక్కుతుంది. తరువాత ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తాలి. ఇక్కడ పరుగెత్తలేదు. మా ఇల్లు మొండయ్య షెడ్డుకు ఆనుకుని ఉందని నీకు తెలుసు. సాంచాలు ఆ ఆసామివి, రెక్కలు మావి, నూగు అందరిదీ. అన్నం పళ్లెంలో నూగు. పొద్దున ముక్కు చీదితే ముందు రోజు నేసిన రంగు వస్తుంది. ఇందులో పెరిగిన పిల్ల ఊపిరి ఎంత దూరం పోతుంది?

మీ దగ్గర గాలి ఉంది. జగిత్యాలలో గ్రౌండు, కోచింగు ఉన్నాయి. పొద్దున్నే బస్సు ఎక్కించు. చదువు, పరుగు. ఈ రెండు తప్ప మూడో పని చెప్పకు. పెగడపల్లిలో మీ నాయన కల్లు కోసం తాళ్లెక్కితే నువ్వు ప్లాస్టిక్ సీసాలు ఏరావు, అది నీ ఇష్టం. నా బిడ్డను మాత్రం ఆ చెత్త ముట్టనివ్వకు.

నీ బావ
బాలకిషన్


కోరుట్ల
19 జూలై 2022

బావకు,

వారం నుంచి వాన. సరుకు తక్కువ. ఈ రోజు ఎండ కాసింది.

సౌమ్య బాగుంది. వారానికి నాలుగు రోజులు తొలి బస్సుకు జగిత్యాల పోయి పది గంటలకు వస్తుంది. మీ చెల్లెలు భూదేవి గుడ్లు ఉడికించి పెడుతోంది.

నువ్వు చెత్త అన్నావు. ఒక మాట రాస్తాను, కోపం వద్దు. నీకు నూలు వేరు, పాలిస్టర్ వేరు, రేయాన్ వేరు. చూసేవాడికి అంతా బట్టే. నా సరుకూ అంతే. నీళ్ల సీసా పెట్ అనే ప్లాస్టిక్. దాని మూత వేరే జాతి. ముక్కలు చేసి తొట్టిలో వేస్తే మూత తేలుతుంది, సీసా మునుగుతుంది. ఇది ఎవరైనా చేస్తారు. పీవీసీ అని ఇంకొకటి ఉంది. అదీ సీసాలాగే తెల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది, అదీ మునుగుతుంది. నీళ్లు రెండింటినీ విడదీయలేవు. పెట్ మూటలో పిడికెడు పీవీసీ పడితే మిల్లులో మొత్తం పాయసంలో కిరసనాయిలు పడ్డట్టే. అందుకని ఎర్రగా కాల్చిన సూది ముక్కకు ఆనించి పొగ చూస్తాం. పెట్ పొగ తియ్యగా ఉంటుంది. పీవీసీ పొగ గొంతులో గీరుతుంది. మిల్లుకు సరుకు కొనే జగదీశ్ నా మూట విప్పడు. "రాజేశం ముక్కు జూసిందంటే ఇగ నేను జూసుడెందుకు" అంటాడు.

ఇంకొక సంగతి. ఆ పెట్ సీసానే కరిగించి సన్నటి తీగలుగా లాగితే పాలిస్టర్ దారం. నీ సాంచ మీద తిరిగేది నేను ఏరిన సీసానే బావా.

పిల్లకు పది రోజుల్లోనే పట్టు దొరికింది. ఒకసారి చెబితే రెండోసారి అడగదు. మీ ఇంటి తెలివి కాదు, మా అక్క తెలివి.

రాజేశం


సిరిసిల్ల
8 ఆగస్టు 2022

రాజేశం,

సౌమ్య చదువులో పట్టు దొరికించుకుందని రాశావు. ఆ కాగితం జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. మొండయ్యకు చూపిస్తే "నీ బిడ్డ పోలీసైతే మొదలు నిన్నే లోపలేస్తది, గంత మోసపు నేత నీది" అన్నాడు. పెదవులు చూసి నవ్వాను. మా ఆసామి నోరు అంతే.

సీసా, దారం ఒకటే అన్నావు కదా, నీకు దారం సంగతి తెలియదు. నూలు కాలిస్తే కాగితం మాడిన వాసన, బూడిద ఊదితే పోతుంది. రేయాన్ కూడా అచ్చంగా అట్లాగే కాలుతుంది, కానీ తడిపి లాగు, పుటుక్కున తెగుతుంది. పొడిగా ఉన్నప్పుడు మాత్రం నూలు కంటే నేనే గొప్ప అన్నట్టు మెరుస్తుంది. మనుషుల్లోనూ ఉన్నారు అట్లాంటివాళ్లు. పేర్లు రాయను.

ఇక నైలాన్, పాలిస్టర్. రెండూ మంటకు ముడుచుకుంటాయి, రెండూ కరుగుతాయి, రెండూ కొసన గట్టి పూస కడతాయి. నా కంటికే తేడా దొరకదు. వాసనే తేడా. నా ముక్కు నూగుతో ఎప్పుడో మూసుకుపోయింది.

మూడు దారాలు పంపుతున్నాను, ఒకటి, రెండు, మూడు అని చీటీ కట్టి. ఏది ఏమిటో నాకు తెలుసు. నీ గొప్ప ముక్కు ఏమంటుందో రాయి. తప్పు చెబితే ఈ దసరాకు సిరిసిల్ల రావద్దు.

బాలకిషన్


కోరుట్ల
24 ఆగస్టు 2022

బావకు,

ఒకటి నూలు. రెండు పాలిస్టర్, తియ్యటి వాసన. మూడు నైలాన్, పచ్చి చిక్కుళ్లు మాడినట్టు.

దసరాకు వస్తాం. రెండు కోళ్లు కట్టేయి.

వచ్చే ఆదివారం రాత పరీక్ష. సౌమ్యకు కొంచెం దగ్గు. వానాకాలం. భూదేవి మిరియాల కషాయం ఇస్తోంది.

రాజేశం


సిరిసిల్ల
30 అక్టోబర్ 2022

రాజేశం,

పాసైంది! మీ అక్క చెబితే నాకు వినిపించలేదు, పలక తెచ్చి రాసి చూపించింది. వీధిలో నా ఒక్కడికే వినిపించనట్టుంది, అందరికీ అప్పటికే తెలుసు.

ఇక పరుగు. కరీంనగర్‌లో డిసెంబర్‌లో ఉంటుందట. దసరాకు వచ్చినప్పుడు చూశాను, పిల్ల చిక్కింది. పరుగెత్తేవాళ్లు చిక్కుతారని నువ్వన్నావు, నమ్మాను. పండుగ రోజు దగ్గుతుంటే "ఏందే అది" అని అడిగాను. "మీ నూగు బాపూ, ఒక్క రోజుకే పట్టింది" అంది. నిజమే అనుకున్నాను. త్వరగా మీ ఇంటికే పంపించేశాను.

నీ ముక్కు సంగతి మొండయ్యకు చెప్పాను. మూడింటికి మూడు చెప్పాడంటే ఆశ్చర్యపోయాడు. ఎక్కడో మూతబడ్డ మిల్లు దారపు కోన్‌లు వస్తున్నాయట. చీటీలు ఊడిపోయాయి, ఏది ఏ దారమో తెలియదు. "నీ బామ్మర్ది జెప్తడా" అని అడిగాడు. చెబుతాడన్నాను. మాట నిలబెట్టు.

బాలకిషన్


సిరిసిల్ల
12 డిసెంబర్ 2022

రాజేశం,

కోన్‌లు వచ్చాయి. నాలుగు రకాలు. ఒక్కో దాని నుంచి బెత్తెడు దారం పంపుతున్నాను. నాలుగూ పాలిస్టరే అయితే కలిపి అడ్డం పోయే పేకగా వేస్తాం. ఒక్కటి వేరైనా రంగు అద్దకంలో బయటపడుతుంది, నైలాన్ ఒక రకంగా తాగుతుంది రంగు, పాలిస్టర్ ఇంకొక రకంగా. మొండయ్య నా మాట మీద ఆగాడు. మర్నాటి బస్సుకే జవాబు పంపు.

సౌమ్యకు చెప్పు, మొదటి చుట్టులో ఒళ్లు దాచుకోమని.

బాలకిషన్


కోరుట్ల
14 డిసెంబర్ 2022

బావకు,

నాలుగూ పాలిస్టర్. వేసుకోవచ్చు.

సౌమ్య నిన్ననే కోచింగు వాళ్లతో కరీంనగర్ పోయింది. రేపు పరుగు.

రాజేశం


కోరుట్ల
18 డిసెంబర్ 2022

బావకు,

అక్క చెప్పే ఉంటుంది. పిల్ల రెండో చుట్టులో పడిపోయింది. దెబ్బలు లేవు. ఊపిరి అందలేదంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు.

చలి బాగా ఉంది.

రాజేశం


సిరిసిల్ల
22 డిసెంబర్ 2022

రాజేశం,

కింద రాసింది సౌమ్యకు. దాని చేతికి ఇస్తే చదవకుండా చింపేస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి నువ్వే చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకు.

సౌమ్యా, నీతో పాటు పరుగెత్తినవాళ్లలో పెళ్లై పిల్లలున్నవాళ్లు ఉన్నారట. వాళ్లు గీత దాకా చేరారు. ఐదు నెలలు మేనమామ గుడ్లు తిని, మేనమామ గాలి పీల్చి, నువ్వు రెండు చుట్లు తిరగలేకపోయావు. పండుగకు వచ్చి నా నూగు మీద నెపం పెట్టావు. ఆ నూగులోనే నేను ముప్పై ఏళ్లు నిలబడ్డాను, ఒక్క రోజు పడలేదు. మీ అమ్మ బీడీ చాట నీకంటే నయం, చేసినంత చూపిస్తుంది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. నువ్వు పోలీసువని చెప్పుకుని తిరిగిన నోటితో ఇప్పుడు ఏం చెప్పుకోను? చెవుడు నాకు మంచిదే అయింది. వీధిలో ఏమంటున్నారో వినిపించదు.

ఇంటికి వచ్చి దారం కండెలు చుట్టు. దానికి ఊపిరి అవసరం లేదు.

నాన్న


కోరుట్ల
2 జనవరి 2023

బావకు,

చదివి వినిపించాను. మొత్తం.

భూదేవి మధ్యలో లేచి "ఇగ సాలు, గా కాయితం పొయిల బెట్టు" అంది. సౌమ్యే వద్దంది. "సదువు మామా, బాపు చేతిరాత మంచిగుంటది" అంది. అయిపోయాక "ఇంకో పేజి ఉన్నదా" అని అడిగింది. లేదన్నాను. లేచి లోపలికి పోయింది.

ఇంటికి పొమ్మంటే పోనంటోంది. దగ్గు తగ్గలేదు.

కాగితం మడిచి పెట్టాను.

రాజేశం


సిరిసిల్ల
25 జనవరి 2023

రాజేశం,

తానులు అద్దకం నుంచి వచ్చాయి. పొడవునా అడ్డచారలు. నాలుగు కోన్‌లలో రెండు నైలాన్. మొండయ్య తాను విప్పి నా మొహం మీదికి విసిరాడు. "ముక్కా అది, బండరాయా? నా తానును పులితోలు జేసిండు నీ బామ్మర్ది. పో, గాయినే నీకు సాంచ ఇస్తడు" అన్నాడు. షెడ్డంతా చూస్తోంది. అప్పుడు మాత్రం ప్రతి మాటా పెదవుల మీద స్పష్టంగా కనిపించింది.

పది రోజులుగా ఇంట్లో కూర్చున్నాను. పని లేకపోతే మనిషి ఆలోచిస్తాడు. నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను.

ఆగస్టులో మూడూ సరిగ్గా చెప్పావు. నైలాన్‌కు పచ్చి చిక్కుళ్లు మాడిన వాసన అని రాశావు. ఆ మాట నీది కాదు. వసంత కూర మాడ్చినప్పుడల్లా సౌమ్య అనే మాట. డిసెంబర్‌లో రెండు తప్పు చెప్పావు. అప్పుడు సౌమ్య కరీంనగర్‌లో ఉంది. "పొగ చూస్తాం" అని రాశావు జూలైలో. చూస్తాను అని రాయలేదు. పట్టు దొరికిందని రాశావు. దేని మీద పట్టో రాయలేదు.

సూటిగా అడుగుతున్నాను. నీ దగ్గర పొగ పీల్చేది ఎవరు?

బాలకిషన్


కోరుట్ల
30 జనవరి 2023

బావకు,

సౌమ్య.

రెండో కరోనాలో జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దానితో పాటు వాసన కూడా పోయింది. తిరిగి రాలేదు. మల్లెపూవూ, మురికి కాలువా నాకు ఒకటే. ఎవరికీ చెప్పలేదు. జగదీశ్ నా ముక్కును చూసే మూట ఎత్తుతాడు. ఏడాది పాటు అంచనాతో నెట్టుకొచ్చాను. రెండుసార్లు మూట తిరిగి వచ్చింది. మూడోసారి వస్తే ఇక ఎత్తనన్నాడు.

సౌమ్య వచ్చిన నాలుగో రోజు నేను పీవీసీ ముక్క కాలుస్తూ దగ్గరగా వంగి ఉన్నాను. అది వాకిట్లో నుంచే ముక్కు మూసుకుని "మామా, గింత ఘాటు నీకు తెలుస్తలేదా? నీ ముక్కు మొకానికి అందం కోసమేనా?" అంది. నవ్వాను. తరువాత చెప్పాను. ఎవరికీ చెప్పనని అది నా చేతిలో చెయ్యి వేసింది. నేనే అడిగాను అట్లా వేయమని.

గ్రౌండు నుంచి రాగానే కూర్చునేది. రెండు గంటలు. పరీక్ష దగ్గర పడ్డాక కూడా. గాలికి దీపం ఆరుతుందని కొట్టు షట్టరు సగం దించేవాడిని. పొగ లేకుండా చూసే దారి ఉంది. రాగి తీగ కాల్చి ముక్కకు అంటించి మళ్లీ మంటలో పెడితే, పీవీసీ అయితే మంట ఆకుపచ్చగా వస్తుంది. దూరం నుంచి కంటితో చూడవచ్చు. దానికి ఒక్కో ముక్కకు చాలా సేపు పడుతుంది. ముక్కుతో అయితే క్షణం.

డిసెంబర్‌లో నీ దారాలు వచ్చినప్పుడు అది లేదు. నాలుగూ పూస కట్టాయి. తెలియదని రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించేటప్పుడు కూడా చెప్పలేదు. అది నా మొహం వైపు చూస్తూ కూర్చుంది. నేను కాగితం వైపు చూశాను.

మొన్న జగిత్యాలలో డాక్టరుకు చూపించాను. గొట్టంలో ఊదించాడు. పొగ తగలకుండా ఉంచితే ఏడాదిలో పరుగెత్తుతుందట. పొగలోనే ఉంచితే ఊపిరి తిరిగి రాదట, తనను అడగవద్దన్నాడు. కాగితం ఇందులో పెడుతున్నాను.

వచ్చి తీసుకుపో.

రాజేశం


సిరిసిల్ల
19 ఫిబ్రవరి 2023

రాజేశం,

ఆ రోజు మీ వాకిట్లో నీతో మాట్లాడలేదు. మాట్లాడితే కొట్టేవాడిని. భూదేవి ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగలేదు, ఆమె తప్పు లేదు, చెప్పు.

సౌమ్యను తెచ్చిన మూడో రోజు మొండయ్య ఇంటికి వచ్చాడు. తప్పు నాది కాదని చెప్పుకోవాలి కదా, జరిగినదంతా చెప్పాను. నా బామ్మర్దికి ముక్కు లేదు, చెప్పిందంతా నా బిడ్డ, అది ఉండగా ఒక్కటి కూడా తప్పలేదు అన్నాను. ఆయన "అయితే అసలు ముక్కు నీ ఇంట్లనే ఉన్నదన్నట్టు" అన్నాడు.

మూతబడ్డ మిల్లు కోన్‌లు ఇంకా గోదాం నిండా ఉన్నాయి. వాటిని వేరు చేయాలి. పిల్ల కూర్చుంటే నాకు సాంచ తిరిగి ఇస్తానన్నాడు. పోయిన సోమవారం నుంచి నేను షెడ్డులో, అది గోదాంలో. నీ దగ్గర ప్లాస్టిక్ పొగ. ఇక్కడ దారమే, బెత్తెడు బెత్తెడు ముక్కలు.

డాక్టరు కాగితం చూశాను. మీ అక్క దాన్ని దేవుడి పటం వెనుక పెట్టింది.

మొదటి రోజు సద్ది తీసుకుపోయినప్పుడు సౌమ్య తలెత్తి ఏదో అంది. "బాపూ, ఆడ మామకు ముక్కునైన. ఈడ నీకు చెవులు లెవ్వు, నోరుగూడ లేదా?" అని. పెదవులు చూసి మొత్తం అర్థమైంది. చెవిటివాడిని కదా. విననట్టు గిన్నె అక్కడ పెట్టి వచ్చాను.

ఇక నాకు నీ ఉత్తరాలు అక్కర లేదు.

బాలకిషన్


కోరుట్ల
22 ఫిబ్రవరి 2023

బావకు,

రాయవద్దన్నావు. ఒక్కటి రాసి ఆపేస్తాను.

నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది. పాలిస్టర్ పొగ, నా సీసా పొగ ఒకటే. మొదట్లోనే నీకు రాశాను. బెత్తెడు ముక్కలైనా రోజుకు వందలు కాలిస్తే పిల్ల ఊపిరికి రెండూ ఒకటే.

తప్పు పట్టే నోరు నాకు లేదు. అందుకని పని సంగతి రాస్తున్నాను. నైలాన్‌ను పాలిస్టర్ నుంచి వేరు చేయడానికి కాల్చనక్కర లేదు. బకెట్ నీళ్లలో ఇక కరగదు అన్నంత ఉప్పు కలపాలి. దారాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, సబ్బు నీళ్లలో పిసికి, గాలి బుడగలు పోయాక ఆ ఉప్పు నీళ్లలో వేయాలి. నైలాన్ తేలుతుంది. పాలిస్టర్ మునుగుతుంది. సబ్బు సరిగా పట్టకపోతే రెండూ తేలతాయి, ఓపిక పట్టాలి. రెండు రోజులు నేనే చేసి చూశాను. ఒక్కటి కూడా తప్పలేదు. ముక్కు లేనివాడు చేసిన పని ఇది. ఎవరైనా చేయవచ్చు.

ఇది మొండయ్యకు చెప్పు. పిల్లను అక్కడి నుంచి లేపు. ఏడాది ఆగితే మళ్లీ పరుగెత్తుతుంది. నా గురించి కాదు, దాని గురించి అడుగుతున్నాను.

రాజేశం


సిరిసిల్ల
3 మార్చి 2023

రాజేశం,

నీ ఉప్పు నీళ్ల సంగతి చేసి చూశాను, మీ అక్క బకెట్‌లోనే. నిజమే. తేలింది తేలింది, మునిగింది మునిగింది.

మొండయ్యకు చెప్పాను. "ఒక్కో కోన్‌కు గంతసేపు బకెట్ కాడ ఎవలు కూసుంటరు? పిల్ల ఉండె గదా" అన్నాడు. బకెట్‌కు ఎవరైనా చాలు అని నేనూ అనబోయాను. ఎవరైనా చాలితే సౌమ్య అక్కర లేదు. సౌమ్య అక్కర లేకపోతే నాకు సాంచ ఇవ్వాల్సిన పని ఆయనకు లేదు. యాభై ఎనిమిదేళ్ల చెవిటివాడిని ఇంకో షెడ్డులో ఎవరు నిలబెడతారు? అనబోయిన మాట అనలేదు.

సౌమ్యకు ఈ ఉప్పు నీళ్ల సంగతి తెలియదు. వసంతకు కూడా బకెట్ ఎందుకో చెప్పలేదు. గోదాంలో కోన్‌లు ఎండాకాలం దాకా వస్తాయి. అప్పటిదాకా నువ్వు కూడా చెప్పవద్దు. చెప్పకుండా ఉండటం నీకు కొత్త కాదు.

నీ బావ
బాలకిషన్